వంతుల లెక్క: ఒక కంప్యూటర్, నాలుగు పనులు (4వ పాఠం)

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాం. కంప్యూటర్ ఆన్ చేసి, ఏమీ తెరవకుండా, టాస్క్ మేనేజర్‌లో ఎన్ని ప్రాసెస్‌లు నడుస్తున్నాయో రాసుకోమన్నాం. విండోస్ 10, 11 ఉన్నవాళ్లకు నూరు దాటి వచ్చి ఉంటుంది. థ్రెడ్‌లు (ఒక్కో ప్రాసెస్ లోపల విడిగా సాగే పనులు) వెయ్యి దాటి ఉంటాయి. అదే కిటికీలో కోర్లు (సీపీయూలో పని చేసే భాగాలు) చూస్తే పాత యంత్రాల్లో రెండో నాలుగో. ఇంతమందికి ఆ రెండు కోర్లను ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఎలా పంచుతుంది, పంపకం ఎక్కడ చెడుతుంది అన్నదే ఈ పాఠం. "లినక్స్ అయితే హ్యాంగవదు", "మ్యాక్‌లో ఎన్ని తెరిచినా ఏం కాదు" లాంటి మాటలు కాసేపు పక్కన పెట్టండి. కొలిచి చూద్దాం.

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరో, విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కలో ఉండే నెట్ సెంటర్‌ను ఊహించుకోండి. దరఖాస్తుల ఆఖరి రోజు. బ్రౌజర్‌లో పన్నెండు ట్యాబులు. స్కానర్ నడుస్తోంది. ఒకరి ఫొటోను 50 కేబీకి తగ్గించాలి. పక్కన పెళ్లి వీడియో రెండరింగ్‌కు పెట్టి ఉంది. యాంటీవైరస్ కూడా అప్పుడే నిద్ర లేచింది. కంప్యూటర్ రెండు కోర్లది, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. పాఠంలో చాలాచోట్ల ఈ యంత్రాన్నే లెక్కలోకి తీసుకుంటాం.

మీకు కావలసినవి ఫైళ్లను కుదించే 7-జిప్ సాఫ్ట్‌వేర్, ఒక గడియారం, ఒక నోటు పుస్తకం. లినక్స్ అభ్యాసాలకు లినక్స్ ఇన్‌స్టాల్ చేసి ఉన్న కంప్యూటర్ కావాలి. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపితే సీపీయూ అభ్యాసం బాగానే వస్తుంది. మెమరీ అభ్యాసం మాత్రం తప్పుడు ఫలితం ఇస్తుంది. లైవ్ పద్ధతిలో రాసుకున్న ఫైళ్లన్నీ ర్యామ్‌లోనే కూర్చుంటాయి, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ చోటు) చాలాసార్లు ఉండదు. ఆదేశాలను ఎప్పటిలాగే ఉచ్చారణ ప్రకారం తెలుగులో ఇస్తున్నాం. టైపు చేసేటప్పుడు అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే.

మదుము ఎవరి చేతిలో ఉంది

వంశధార పంట కాలువ మీద ఒక మదుము ఉందనుకోండి. దాని కింద ఇరవై మంది రైతులు. నీళ్లు ఒక్కసారి ఒక్క పొలానికే పారతాయి. అందుకని వంతులు. ఈ వంతులు నడిపే పద్ధతులు రెండు.

మొదటి పద్ధతిలో మదుము రైతుల చేతిలోనే ఉంటుంది. ఎవరి పని అయ్యాక వాళ్లే బోదె కట్టేసి పక్కవాడిని పిలవాలి. అందరూ మంచివాళ్లయితే చక్కగా సాగుతుంది. ఒకడు గట్టు మీద నిద్రపోయాడా, మిగతా పందొమ్మిది పొలాలూ ఎండుతాయి. 1992లో వచ్చిన విండోస్ 3.1 తన ప్రోగ్రాములను నడిపింది ఇలాగే. ప్రోగ్రాము తనంతట తాను "తరవాత సందేశం ఏమిటి" అని సిస్టమ్‌ను అడిగినప్పుడే ఇంకొకరికి వంతు వచ్చేది. అడగడం మరిచిన ప్రోగ్రాము ఒక్కటి ఉంటే తెర మీద ఇసుక గడియారమే గతి. 1987లో మల్టీఫైండర్‌తో మొదలైన పాత మ్యాక్ పద్ధతి కూడా ఇదే. మెనూ తెరిచి మౌస్ బటన్ వదలకుండా పట్టుకుంటే చాలు, వెనక నడిచే పనులు నిలిచిపోయేవి. మ్యాక్‌కు ఈ బాధ తప్పింది 2001లో మ్యాక్ ఓఎస్ టెన్ వచ్చాకే.

రెండో పద్ధతిలో మదుము దగ్గర ఒక మనిషి పార పట్టుకుని నిలబడతాడు. వంతు అయిపోగానే, రైతు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, బోదె కట్టేసి నీళ్లు పక్క పొలానికి మళ్లిస్తాడు. యూనిక్స్ మొదటినుంచీ ఇంతే. 1985 నాటి అమీగా ఇంటి కంప్యూటర్లలోనే ఈ పద్ధతి తెచ్చింది. కాకపోతే పొలాల మధ్య గట్లు లేవు. ఒక ప్రోగ్రాము ఇంకొకదాని మెమరీలోకి దిగిపోయి మొత్తం యంత్రాన్ని పడగొట్టగలిగేది. విండోస్‌లో 1993 నాటి ఎన్‌టీ ఈ పద్ధతికి వచ్చింది. 1995 నాటి విండోస్ 95 సగమే వచ్చింది. కొత్త 32 బిట్ ప్రోగ్రాములకు మనిషి కాపలా, పాత 16 బిట్ ప్రోగ్రాములన్నిటికీ కలిపి ఒకటే తాళం. ఆ తాళం పట్టుకున్న పాత ప్రోగ్రాము బిగుసుకుంటే కొత్తవీ నిలిచిపోయేవి.

ఈ చరిత్ర ఇక్కడితో చాలు. ఇప్పుడు మీ బల్ల మీద ఉన్న ఏ సిస్టమ్ అయినా, విండోస్, లినక్స్, మ్యాక్, ఆండ్రాయిడ్, అన్నీ రెండో పద్ధతివే. కాబట్టి "ఏది మల్టీటాస్కింగ్ చేస్తుంది" అన్న ప్రశ్నకు కాలం చెల్లింది. మదుము దగ్గర మనిషి ఏ లెక్కన పంచుతున్నాడు అన్నదే ఇప్పుడు అడగవలసింది.

విండోస్: ముందున్నవాడికి మూడింతలు

విండోస్ గడియారం చాలా కంప్యూటర్లలో సెకనుకు 64 సార్లు కొట్టుకుంటుంది. అంటే టిక్కుకు 15.6 మిల్లీసెకన్లు. మామూలు విండోస్‌లో వెనక ఉన్న ప్రోగ్రాముకు ఒక వంతు 2 టిక్కులు, సుమారు 31 మిల్లీసెకన్లు. తెర మీద ముందున్న కిటికీ ప్రోగ్రాముకు 6 టిక్కులు, సుమారు 94 మిల్లీసెకన్లు. మీరు చూస్తున్నదే మీకు ముఖ్యం అని విండోస్ అనుకుంటుందన్న మాట. ఆఫీసు కంప్యూటర్‌కు ఆ ఊహ సరైనదే. సర్వర్ విండోస్‌లో ఇలా ఉండదు, అందరికీ 12 టిక్కుల చొప్పున సమానం.

దీన్ని కళ్లతో చూడొచ్చు. 7-జిప్ తెరిచి టూల్స్ మెనూలో బెంచ్‌మార్క్ (వేగం కొలిచే పరీక్ష) ఎంచుకోండి. థ్రెడ్‌ల సంఖ్య దగ్గర మీ కోర్ల సంఖ్య పెట్టండి. డిక్షనరీ సైజును తగ్గించండి. ఎంత మెమరీ పడుతుందో ఆ కిటికీలోనే కనిపిస్తుంది, 4 జీబీ యంత్రంలో రెండు బెంచ్‌మార్క్‌లు కలిపి 1 జీబీ దాటకూడదు. ఇప్పుడు ఇంకో 7-జిప్ కిటికీ తెరిచి అదే బెంచ్‌మార్క్ నడపండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెచ్చి, డీటెయిల్స్ ట్యాబ్‌లో సీపీయూ పేరు మీద నొక్కితే ఎక్కువ తినేవి పైకి వస్తాయి. టాస్క్ మేనేజర్ ముందున్నంతసేపూ రెండు 7-జిప్‌లూ వెనకవే కాబట్టి చెరి సగానికి దగ్గరగా ఉంటాయి. టాస్క్ మేనేజర్‌ను "ఆల్వేస్ ఆన్ టాప్" చేసి, ఒక 7-జిప్ కిటికీ మీద క్లిక్ చేసి చూడండి. దాని అంకె పెరిగి రెండోదాని అంకె పడుతుంది. లెక్క ప్రకారం 75, 25 దగ్గరకు రావాలి. మధ్యలో వేరే ప్రాసెస్‌లు దూరతాయి కాబట్టి కచ్చితంగా అక్కడే నిలవదు. బెంచ్‌మార్క్ పూర్తయి ఆగిపోతే రీస్టార్ట్ నొక్కండి. ఒకటి ఆగి ఒకటే నడుస్తుంటే అంకెలు అబద్ధం చెబుతాయి. మొదటిసారి చేసేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

తరవాత ప్రాధాన్యం. విండోస్‌లో 0 నుంచి 31 దాకా మెట్లు ఉన్నాయి. మామూలు ప్రోగ్రాము 8వ మెట్టు మీద మొదలవుతుంది. బిలో నార్మల్ 6, లో 4, అబవ్ నార్మల్ 10, హై 13, రియల్‌టైమ్ 24. పై మెట్టు మీద సిద్ధంగా ఉన్నవాడు ఉన్నంతవరకూ కింది మెట్టువాడికి చుక్క పోయరు. మీ రెండో 7-జిప్ ప్రాసెస్ మీద కుడి క్లిక్ చేసి సెట్ ప్రయారిటీలో లో పెట్టండి. దాని అంకె దాదాపు సున్నాకు పడుతుంది. కాలువ చివరన శివారు ఆయకట్టు రైతు పరిస్థితి అది. పూర్తిగా ఎండిపోకుండా విండోస్ ఒక ఏర్పాటు చేసింది. సెకనుకోసారి వరస చూసి, సుమారు 4 సెకన్లుగా వంతు రానివాడిని కాసేపు 15వ మెట్టుకు ఎక్కించి గుక్కెడు పోస్తుంది. కిందివాడి చేతిలో ఏదైనా తాళం ఉంటే దాన్ని వదిలే వీలు కలగాలని ఈ ఏర్పాటు.

దీన్నిబట్టి పనికొచ్చే సూత్రం ఒకటే. ముఖ్యమైన పనిని పైకి ఎక్కించకండి, బరువైన పనిని కిందికి దించండి. వీడియో రెండరింగ్‌ను బిలో నార్మల్‌లో పెట్టండి. మీరు ఫారం నింపుతున్నప్పుడు బ్రౌజర్‌కు ఎప్పుడు కావాలంటే అప్పుడు కోర్ దొరుకుతుంది. మీరు చదువుతూ కూర్చున్న క్షణాలన్నీ రెండరింగ్‌కే పోతాయి. రెండరింగ్ ఆలస్యమయ్యేది కొద్దిగానే. తిరగేసి రెండరింగ్‌ను హైలో పెడితే మౌస్ కదలడమే గగనమవుతుంది. రియల్‌టైమ్ అసలు ముట్టుకోవద్దు. అడ్మినిస్ట్రేటర్ హక్కు లేకుండా రియల్‌టైమ్ ఎంచుకుంటే విండోస్ చడీచప్పుడూ లేకుండా హై ఇచ్చి ఊరుకుంటుంది. హక్కు ఉండి పెట్టారా, పవర్ బటనే దిక్కు కావచ్చు.

టాస్క్ మేనేజర్‌లో పెట్టిన ప్రాధాన్యం ఆ ప్రోగ్రాము మూసేదాకానే. ప్రతిసారీ కావాలంటే డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ చేసుకుని అందులో ఇలా రాయండి:

సీఎండీ /సి స్టార్ట్ "" /బిలోనార్మల్ "ప్రోగ్రాము ఉన్న దారి"

మధ్యలో ఆ ఖాళీ కొటేషన్ గుర్తులు అనవసరమనిపించి చాలామంది తీసేస్తారు. తీస్తే ప్రోగ్రాము తెరుచుకోదు. స్టార్ట్ ఆదేశం కొటేషన్లలో మొదట కనిపించినదాన్ని కిటికీ పేరు అనుకుంటుంది, కాబట్టి మీ దారి కాస్తా పేరైపోయి ఒక నల్ల కిటికీ మాత్రం వస్తుంది.

లినక్స్: ఎకరాల లెక్క

లినక్స్‌లో మామూలు ప్రోగ్రాములకు మెట్లు లేవు, తూకాలు ఉన్నాయి. నైస్ అంకె −20 నుంచి 19 దాకా ఉంటుంది, మామూలుగా 0. నైస్ 0 ఉన్నవాడి తూకం 1024. నైస్ 1 అయితే 820, 5 అయితే 335, 10 అయితే 110, 19 అయితే 15. ఒక్కో అంకెకు తూకం సుమారు 1.25 రెట్లు తేడా. ఎన్ని ఎకరాలుంటే అన్ని పాళ్ల నీళ్లు అన్నట్టు, ఇద్దరు పోటీపడితే వాళ్ల తూకాల నిష్పత్తిలో కోర్‌ను పంచుతారు. నైస్ 0, నైస్ 5 పోటీపడితే 1024 భాగించు 1359, అంటే 75 శాతం, 25 శాతం. నైస్ 10 అయితే 90, 10. నైస్ 19 అయినా 1.4 శాతం దక్కుతుంది. శివారు పొలం కూడా పూర్తిగా ఎండదు.

ఒకే టెర్మినల్ కిటికీలో ఈ రెండు వరసలూ టైపు చేయండి:

టాస్క్‌సెట్ -సి 0 యెస్ > /డెవ్/నల్ &

టాస్క్‌సెట్ -సి 0 నైస్ -ఎన్ 5 యెస్ > /డెవ్/నల్ &

యెస్ అనే ఆదేశం ఆగకుండా వై అక్షరం కక్కుతూ పోతుంది, దాన్ని శూన్యంలోకి మళ్లించాం. టాస్క్‌సెట్ రెండింటినీ ఒకే కోర్ మీద, అంటే 0వ కోర్ మీద కూర్చోబెడుతుంది. అది లేకపోతే చెరొక కోర్ తీసుకుని రెండూ 100 శాతం చూపిస్తాయి, పోటీయే ఉండదు. ఇప్పుడు టాప్ అని కొట్టండి. 75, 25 కనిపించాలి. పీఐడీ (ప్రాసెస్ నంబరు) చూసుకుని, రెండోదాన్ని రీనైస్ ఆదేశంతో 10కి మార్చి మళ్లీ చూడండి. అయిపోయాక కిల్ఆల్ యెస్.

"ఒకే టెర్మినల్ కిటికీలో" అని ఊరికే అనలేదు. రెండు వేరువేరు టెర్మినళ్లలో నడిపితే నైస్ ఎంత పెట్టినా చెరి సగం వచ్చే అవకాశం ఎక్కువ. 2011 నాటి 2.6.38 కెర్నెల్ (లినక్స్ గుండె లాంటి భాగం) నుంచి ఆటోగ్రూప్ అనే ఏర్పాటు ఉంది. ఒక్కో టెర్మినల్‌ను ఒక్కో కుటుంబంగా చూసి ముందు కుటుంబాల మధ్య సమానంగా పంచుతుంది, నైస్ అంకె ఆ కుటుంబం లోపలే చెల్లుతుంది. దాంతో "నైస్ పనిచేయడం లేదు" అని తల పట్టుకునేవాళ్లు చాలామంది. ఇంకొకటి, మామూలు వాడుకరి నైస్ అంకెను పెంచగలడు గాని తగ్గించలేడు. 10 నుంచి తిరిగి 0కు తేవాలంటే సూడో (అడ్మినిస్ట్రేటర్ హక్కుతో నడిపే ఆదేశం) కావాలి.

ఈ పంపకం చేసే భాగం లినక్స్‌లో 2007 నుంచి రెండుసార్లు పెద్దగా మారింది. 2007లో 2.6.23 కెర్నెల్‌తో సీఎఫ్ఎస్ వచ్చింది, 2023లో 6.6 కెర్నెల్‌తో ఈఈవీడీఎఫ్ వచ్చింది. సీఎఫ్ఎస్ ఇప్పటిదాకా ఎవరికి తక్కువ దక్కిందో వాళ్లను ముందు పిలుస్తుంది. ఈఈవీడీఎఫ్ దానితోపాటు ఎవరి గడువు దగ్గరపడిందో కూడా చూస్తుంది. తూకాల పట్టిక మాత్రం మారలేదు, పై లెక్క రెండింటిలోనూ అదే వస్తుంది.

ముందున్న కిటికీకి ప్రత్యేక మర్యాద లినక్స్ కెర్నెల్‌లో లేదు. అయినా బ్రౌజర్ చురుగ్గానే ఉంటుంది. ఎక్కువసేపు మీ వేలి కోసం ఎదురుచూస్తూ కోర్ వాడని ప్రోగ్రాముకు, లేచిన వెంటనే వంతు దొరికేలా లెక్క ఉండటమే దానికి కారణం. మా తీర్పు అడిగితే, అయిదారు బరువైన పనులు ఒకేసారి సాగాలంటే లినక్స్ తూకాల పద్ధతి మేలు. ముందు ఒక మనిషి, వెనక ఒక బరువు ఉండే నెట్ సెంటర్ పనికి విండోస్ మెట్లూ చాలు.

మ్యాక్ గురించి రెండు ముక్కలు. అక్కడ ప్రోగ్రాము రాసినవాళ్లే ప్రతి పనికీ ఒక తరగతి చెబుతారు. వాడుకరి ఎదురుచూస్తున్న పనా, తీరిగ్గా అయినా ఫరవాలేని పనా అని. ఆపిల్ సొంత చిప్‌లున్న మ్యాక్‌లలో వేగం కోర్లు, పొదుపు కోర్లు వేరు. తీరిక పనులు పొదుపు కోర్లకే పోతాయి, వేగం కోర్లు ఖాళీగా ఉన్నా సరే. బ్యాకప్ నడుస్తున్నా ఎడిటింగ్ తడబడకపోవడానికి ఇదొక కారణం. ఆ బ్యాకప్ నత్తనడకన సాగడానికీ ఇదే కారణం.

అసలు చిక్కు కళ్లంలో ఉంది

ఒక ప్రోగ్రాము నుంచి ఇంకొక ప్రోగ్రాముకు మారడానికి సీపీయూకు పట్టేది కొన్ని మైక్రోసెకన్లు. వంతు 31 మిల్లీసెకన్లయితే అందులో ఆ ఖర్చు వెయ్యో వంతైనా కాదు. మరి నెట్ సెంటర్ యంత్రం ఎందుకు మూలుగుతోంది? టాస్క్ మేనేజర్‌లో చూడండి, చాలాసార్లు సీపీయూ 20, 30 శాతమే ఉంటుంది. డిస్క్ మాత్రం 100. నీళ్లకు, అంటే సీపీయూకు, కాదు కరువు, కళ్లంలో, అంటే ర్యామ్‌లో, చోటుకు. చోటు చాలక బస్తాలు ఇంటికి, అంటే డిస్క్‌కు, మోస్తున్నారు, కావలసినప్పుడు మళ్లీ మోసుకొస్తున్నారు.

లెక్క వేయండి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్‌కు ఒక చుట్టు 8.33 మిల్లీసెకన్లు. కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున అందులో సగం, 4.17. ముల్లు జరగడానికి ఇంకో 9 దాకా. ఒక్కో తెచ్చుబాటుకు 13 మిల్లీసెకన్లు, సెకనుకు 75 తెచ్చుబాట్లు. ఒక్కొక్కటి 4 కేబీ పేజీ (మెమరీని పంచే చిన్న ముక్క) అయితే సెకనుకు 300 కేబీ. సిస్టమ్‌లు పక్కపక్క పేజీలను కలిపి తెస్తాయి కాబట్టి నిజంలో ఇంత ఘోరంగా ఉండదు. అయినా ర్యామ్‌లో పేజీ దొరకడానికి పట్టేది 0.1 మైక్రోసెకను ప్రాంతంలో, డిస్క్ నుంచి 13,000 మైక్రోసెకన్లు. లక్ష రెట్లకు పైగా తేడా. ఏ పంపకందారుడి నేర్పూ దీన్ని పూడ్చలేదు.

విండోస్‌లో దీన్ని పట్టుకోవడం ఇలా. స్టార్ట్‌లో రెస్‌మాన్ అని కొట్టి రిసోర్స్ మానిటర్ తెరవండి. మెమరీ ట్యాబ్‌లో హార్డ్ ఫాల్ట్స్ (ర్యామ్‌లో లేక డిస్క్ నుంచి తెచ్చుకున్న సార్లు) వరస చూడండి. కొత్త ప్రోగ్రాము తెరిచినప్పుడు ఒక్కసారి ఎగిరి పడిపోతే అది మామూలే. పాత ట్యాబ్‌కూ కొత్త ట్యాబ్‌కూ మారిన ప్రతిసారీ వందల్లోకి పోయి అక్కడే నిలిస్తే చోటు చాలడం లేదని అర్థం. టాస్క్ మేనేజర్ పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ సగటు స్పందన సమయం కూడా ఉంటుంది. 100 మిల్లీసెకన్లు దాటి కదలకపోతే డిస్క్ ముందు క్యూ కట్టారన్న మాట.

లినక్స్‌లో వీఎంస్టాట్ 1 అని కొట్టండి. సెకనుకో వరస వస్తుంది. మొదటి వరసను వదిలేయండి, అది ఆన్ చేసినప్పటినుంచి సగటు. ఎస్ఐ, ఎస్ఓ నిలువు వరసల్లో సున్నా కానివి ఆగకుండా పడుతుంటే స్వాప్ ఊగుతోంది. ఆర్ కింద అంకె మీ కోర్ల కంటే ఎక్కువ ఉండి బి సున్నా అయితే కరువు సీపీయూకే. బి ఎక్కువై ఆర్ తక్కువైతే డిస్క్ కోసం కాచుకున్నారు. టాప్ పై వరసలో ఉండే లోడ్ యావరేజ్ (కాచుకున్నవాళ్ల సగటు) చూసి సీపీయూ చాలడం లేదని తేల్చేయకండి. లినక్స్‌లో డిస్క్ కోసం కదలకుండా కూర్చున్నవాళ్లనూ అందులోనే కలిపి లెక్కిస్తారు. మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్ మెమరీ ట్యాబ్ అడుగున ఒక గీత ఉంటుంది. పచ్చగా ఉంటే ఎంత ర్యామ్ వాడినా సరే, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే మూయండి.

మెమరీ చాలనప్పుడే ఈ సిస్టమ్‌ల గుణాలు బయటపడతాయి. విండోస్ అడిగిన మెమరీకి ముందే హామీ లెక్క రాసుకుంటుంది. ర్యామ్, పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడే డిస్క్ ఫైలు) కలిపినంతే దాని హామీ. అది నిండితే అడిగిన ప్రోగ్రాముకు "లేదు" అంటుంది, ఆ ప్రోగ్రాము పడిపోతుంది. అందుకే "పేజ్‌ఫైల్ తీసేస్తే స్పీడ్ వస్తుంది" అనే సలహా విన్న 4 జీబీ యంత్రాల్లో, ర్యామ్ ఇంకా ఖాళీగా కనిపిస్తుండగానే బ్రౌజర్ ట్యాబులు కూలిపోతుంటాయి. టాస్క్ మేనేజర్‌లో కమిటెడ్ దగ్గర రెండు అంకెలు చూడండి. మొదటిది రెండోదానికి చేరువైతే ఇదే రోగం. పేజ్‌ఫైల్‌ను సిస్టమ్ చూసుకునేలా తిరిగి పెట్టండి.

లినక్స్ అలా కాదు, మామూలుగా అడిగినవాళ్లకు సరే అంటూనే పోతుంది, అందరూ నిజంగా వాడటం మొదలుపెట్టాక చోటు లేకపోతే ఎవరినో ఒకరిని చంపుతుంది. చంపే ముందు చాలాసేపు తటపటాయిస్తుంది. స్వాప్ లేకపోయినా ప్రోగ్రాముల కోడ్ పేజీలనే పారేసి మళ్లీ డిస్క్ నుంచి చదువుతూ కూర్చుంటుంది. అందుకే మెమరీ నిండిన లినక్స్ డెస్క్‌టాప్‌లో మౌస్ బాణం కూడా నిమిషాల తరబడి గడ్డకడుతుంది. ఈ ఒక్క విషయంలో విండోస్ నయం. దీనికి విరుగుడుగా మెమరీ ఒత్తిడి చూసి ముందే చంపే సిస్టమ్‌డీ-ఊమ్‌డీ ఉబుంటు 22.04లో వచ్చింది. ముందే చంపడమంటే కొందరికి అప్పుడు వాడుతున్న బ్రౌజరే మాయమైంది.

వీటన్నిటికంటే మంచి మందు కుదింపు. బస్తాలు ఇంటికి మోసే బదులు కళ్లంలోనే కుదించి పేర్చడం. సీపీయూ కొంచెం ఖర్చవుతుంది, అది ఎలాగూ ఖాళీగానే ఉంది. మ్యాక్‌లో 2013 నుంచి, విండోస్‌లో 10 నుంచి ఇది తనంతట తానే నడుస్తుంది. ఫెడోరా అనే లినక్స్ రకంలో 33 నుంచి జెడ్‌ర్యామ్ పేరుతో ముందే పెట్టి ఇస్తున్నారు. డెబియన్ రకాల్లో జెడ్‌ర్యామ్-టూల్స్ అనే ప్యాకేజీ వేసుకోవాలి. 4 జీబీ యంత్రం మీద లినక్స్ వేసేవాళ్లు ఇది మరిచిపోతే "లినక్స్ తేలిక" అన్న పేరు చెడగొట్టినట్టే.

యాంటీవైరస్ విషయం ఒకటి ఇక్కడే. విండోస్ డిఫెండర్ షెడ్యూల్ స్కాన్‌కు సీపీయూ హద్దు మామూలుగా 50 శాతం. ఆ హద్దు సీపీయూకే. హార్డ్ డిస్క్ ముల్లు మాత్రం వేలాది చిన్న ఫైళ్ల మధ్య పరిగెత్తుతూనే ఉంటుంది. స్కాన్ వేళను టాస్క్ షెడ్యూలర్‌లో మధ్యాహ్న భోజనం వేళకు మార్చండి. ఆపేయకండి, నెట్ సెంటర్‌లో రోజుకు ఎన్ని పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతారో మీకే తెలుసు.

పెన్‌డ్రైవ్ మోసం

పెళ్లి వీడియో 3 జీబీ ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తున్నారు. లినక్స్‌లో గీత ముందు రయ్యిన పరిగెత్తి చివర నిలబడిపోతుంది. లేదా అయిపోయిందంటుంది గాని ఎజెక్ట్ కావడానికి నిమిషాలు పడుతుంది. రాయవలసిన పేజీలను లినక్స్ ముందు ర్యామ్‌లో పోగేస్తుంది. ఖాళీగా దొరికే మెమరీలో 20 శాతం దాకా అలా పోగవనిస్తుంది. 5 జీబీ దొరికే యంత్రంలో అది 1 జీబీ. చవక పెన్‌డ్రైవ్ సెకనుకు 5 ఎంబీ రాస్తే ఆ పోగు తరగడానికి 200 సెకన్లు, అంటే 3 నిమిషాల 20 సెకన్లు. ఈలోపు లాగేశారంటే పెళ్లివారింట్లో వీడియో సగంలో ఆగుతుంది. కాపీ అయ్యాక టెర్మినల్‌లో సింక్ అని కొట్టి, అది తిరిగి వచ్చేదాకా ముట్టుకోవద్దు. విండోస్ 10లో 1809 విడుదల నుంచి బయటి డ్రైవ్‌లకు ఈ పోగేయడం మామూలుగా ఉండదు. అక్కడ గీత మొదటినుంచీ నెమ్మదిగా, నిజాయితీగా కదులుతుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి విండోస్ నెమ్మది అనుకుంటారు.

ఇక "నాట్ రెస్పాండింగ్". ఒక కిటికీ 5 సెకన్లపాటు తన సందేశాలు అందుకోకపోతే విండోస్ ఆ మాట తగిలిస్తుంది. ప్రోగ్రాము చచ్చిందని దాని అర్థం కాదు. డిస్క్ కోసమో ప్రింటర్ కోసమో కాచుకుని ఉండొచ్చు. ఎండ్ టాస్క్ నొక్కే ముందు డీటెయిల్స్ ట్యాబ్‌లో దాని సీపీయూ, రిసోర్స్ మానిటర్‌లో దాని డిస్క్ అంకెలు పది సెకన్లు చూడండి. రెండింటిలో ఏది కదులుతున్నా ఆగండి. సేవ్ చేస్తున్న ఫైలును మధ్యలో చంపితే పోయేది ఆ ఫైలే.

ఏప్రిల్, మే నెలల్లో ఇంకో తేడా కనిపించవచ్చు. టాస్క్ మేనేజర్ సీపీయూ పేజీలో బరువైన పని నడుస్తుండగా స్పీడ్ అంకె బేస్ స్పీడ్ కంటే కిందికి పడి అక్కడే ఉంటే, ఫ్యాన్ కింద దుమ్ము పేరుకుని చిప్ వేడికి తనను తాను తగ్గించుకుంటోంది. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చి లాభం లేదు. బ్రష్, కొత్త థర్మల్ పేస్ట్ చాలు.

ఫోన్ సంగతి వేరు. ఆండ్రాయిడ్ మెమరీ చాలకపోతే వెనకున్న యాప్‌లను తానే చంపి, తిరిగి తెరిచినప్పుడు ఉన్నచోట నుంచే మొదలైనట్టు చూపించడానికి ప్రయత్నిస్తుంది. కాబట్టి గంటకోసారి యాప్‌లన్నీ పక్కకు తోసేయడం వల్ల మెమరీ మిగలదు. మళ్లీ మొదటినుంచి తెరవడానికి బ్యాటరీ ఖర్చవుతుంది. బ్రౌజర్‌లో ఫారం సగం నింపి, ఓటీపీ కోసం మెసేజ్‌లకు, ఫొటో కోసం గ్యాలరీకి వెళ్లి తిరిగి వస్తే పేజీ మళ్లీ మొదటికి వచ్చేది కూడా ఇందుకే. తక్కువ ర్యామ్ ఫోన్‌లో ఫారం మొదలుపెట్టే ముందే ఫొటో, సంతకం సిద్ధం చేసుకోండి, ఓటీపీని పైనుంచి దిగే నోటిఫికేషన్‌లోనే చదవండి.

ఈ వారం పని

మీ కంప్యూటర్‌లో రద్దీ ఉన్న ఒక గంట ఎంచుకుని పది నిమిషాలకోసారి నాలుగు అంకెలు రాయండి: సీపీయూ శాతం, కమిటెడ్ మెమరీ, హార్డ్ ఫాల్ట్స్, డిస్క్ స్పందన సమయం. లినక్స్ వాళ్లు వీఎంస్టాట్‌లోని ఆర్, బి, ఎస్ఐ, ఎస్ఓ. తరవాత రోజు అదే గంటలో బరువైన పనిని బిలో నార్మల్‌లోనో నైస్ 10లోనో పెట్టి మళ్లీ రాయండి. సీపీయూ 90 దాటి ఉన్న యంత్రంలో తేడా వెంటనే తెలుస్తుంది. హార్డ్ ఫాల్ట్స్ వందల్లో ఉన్న యంత్రంలో తేడా ఏమీ ఉండదు. అలాంటి యంత్రానికి ర్యామ్ 8 జీబీ చేయాలి, హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ (ముల్లు, చుట్లు లేని వేగమైన డిస్క్) పెట్టాలి. రెండింటిలో ఒకటే కుదిరితే, కమిటెడ్ మొదటి అంకె మీ ర్యామ్‌ను బాగా దాటి ఉన్నప్పుడు ముందు ర్యామ్, లేకపోతే ముందు ఎస్ఎస్‌డీ.

5వ పాఠంలో, ఇప్పుడున్న విండోస్‌ను చెడగొట్టకుండా హార్డ్ డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీకి మార్చడం. 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ, ఒక సాటా డేటా కేబుల్, పెద్ద గూటిలో చిన్న డిస్క్ బిగించే ఫ్రేము, ప్లస్ స్క్రూడ్రైవర్ సిద్ధం చేసుకోండి. కేబుల్ కొనే ముందు కేస్ మూత తీసి మీ పవర్ సప్లైలో ఖాళీ సాటా పవర్ పిన్ను ఉందో లేదో చూడండి. పాత డెస్క్‌టాప్‌లు కొన్నిటిలో నాలుగు పిన్నుల పాత రకమే మిగిలి ఉంటుంది, దానికి మార్పిడి తీగ ఒకటి విడిగా కొనాలి.